వంతు కరెంటు

ఆ ఏడు మా నాయన మోటారు కాలింది. దానికి పోలీసు స్టేషన్లో కూర్చున్నది నూర్ అహమ్మద్. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు అన్నం సహించదు. ఇన్నేళ్ళయింది గదా, ఇంక వదిలెయ్యి అంటారు మావాళ్ళు. వదిలెయ్యడానికి వాళ్ళకేం, వాళ్ళ ఒంటిమీద దెబ్బ పడిందా.

రెండువేల ఎనిమిది వానకారు. పామిడి దాటి పెన్నను వదిలి లోపలికొస్తే మా ఊరు. బస్సులు ఆగే చోట మా నాయన కట్టించిన గదుల్లో ఒకదాంట్లో నేను ఎస్టీడీ బూత్ నడిపేదాన్ని. నా కాపురం సంగతి ఇక్కడ అనవసరం. పుట్టింటికి వచ్చేశాను, ఊరికే కూర్చోలేక బూత్ పెట్టుకున్నాను, అంతే. ఒకప్పుడు ఆ అద్దాల గది ముందు జనం వరస కట్టేవాళ్ళు. సెల్లులు వచ్చాక దాంట్లోకి సాలెపురుగులు తప్ప ఎవరూ రాలేదు. రీచార్జి కార్డులు అమ్ముకుంటూ, జిరాక్సులు తీస్తూ నెట్టుకొస్తున్నాను.

ఎదురు అంగడి నూర్ అహమ్మద్‌ది. వాళ్ళ నాయన కాలిన మోటార్లకు వైండింగు చుట్టేవాడు. ఆయన పోయాక, తల్లి జుబేదాబీ ఒంటరిదవుతుందని బెంగుళూరులో కంపెనీ ఉద్యోగం మానుకుని వచ్చి నూర్ ఆ రాగితీగ అందుకున్నాడు. కంపెనీలో అతని పని ఫోన్లు చూసుకోవడం. నన్ను అక్కా అనేవాడు.

మా వైపు బోర్లకు త్రీఫేజు కరెంటు రోజుకు ఏడు గంటలని పేరు. అది ముక్కలు ముక్కలుగా, దాని ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది. రైతులు పనులు మానుకుని చేని గట్టున కూర్చుని, స్టార్టరు డబ్బా మీద దీపం ఎప్పుడు వెలుగుతుందా అని కాచుకునేవాళ్ళు. వెలిగిందా, అందరూ ఒక్కసారే మోటార్లు వేసేవాళ్ళు. వోల్టేజీ పడిపోయేది, మోటార్లు కాలేవి. దీపం కోసం కాచుకోనక్కరలేనివాడు ఊళ్ళో ఒక్కడే, మా నాయన బయ్యన్న. పార్టీలో పెద్దమనిషి. సబ్‌స్టేషను ఆపరేటరు కరెంటు వదులుతూనే ఆయనకు ఫోను కొట్టేవాడు. మిగతావాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి మా చేను సగం తడిసేది. ఇందులో అన్యాయం ఉందని చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో తిన్న నాకు కూడా అనిపించలేదు. నూర్‌కు అనిపించింది.

"మోటర్లు కాలితే నాకు పనే అక్కా," అన్నాడు ఒకరోజు బూత్ దగ్గరికి వచ్చి. "కానీ ఓబుళేసన్న ఈ వానకారులోనే రెండోతూరి కాలిన మోటరు తెచ్చినాడు. ఆయన మొగం చూస్తే కూలి అడిగేదానికి నాకు నోరు రాలేదు. మన బూత్‌లో ఒక ఎక్స్‌ఛేంజి పెడదాము."

"గవర్నమెంటు ఎక్స్‌ఛేంజే సరిగా పలకదు. మనమేమి పెడతాము?"

పెట్టొచ్చట. కంప్యూటరును ఫోను ఎక్స్‌ఛేంజిగా మార్చే సాఫ్ట్‌వేరు ఊరికే దొరుకుతుందట. ఎవరో రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని లోకానికి వదిలేశారట. కంపెనీలో అతను చూసుకున్నది అదే. చిక్కల్లా ఒకటే. దానికి తీగ ఫోన్లు తెలుసు, మన రైతుల దగ్గర ఉన్నవి సెల్లులు. రెంటినీ కలిపే పెట్టె ఒకటి అమ్ముతారు గానీ అది మనం కొనేది కాదు. అందుకని నూర్ పాత సెల్లులు పోగుచేశాడు. కువైటు నుంచి తెచ్చుకుని అద్దం పగిలాక మూలన పడేసినవి, బటన్లు అరిగినవి. కుర్రకారు పాటలు పంపించుకునే బ్లూటూత్ ఉంటే చాలు, దాంతోనే ఆ సెల్లును కంప్యూటరుకు జతచేసేవాడు. కంప్యూటరు చెప్పినట్టు సెల్లు మోగించేది. సిమ్ములు రైతులే ఇచ్చారు, ఎవరి సిమ్ము వాళ్ళ పేరు మీదే. మొదటి సెల్లు, మొదటి సిమ్ము నావి. నా అద్దాల గదిలో గోడకు చెక్కపలక కొట్టి, వాటిని వరసగా పెట్టి, చార్జర్లు తగిలించాడు.

ఇక పద్ధతి. మా జనానికి ఫోనంటే మిస్డ్ కాలే. బస్సు దిగితే ఒక రింగు, అన్నం వండితే రెండు రింగులు. మాట్లాడితే దుడ్లు పడతాయి, మోగితే పడవు. నూర్ ఆ అలవాటు మీదే మొత్తం కట్టాడు. పొలంలో దీపం వెలగగానే అక్కడున్న ఒక్కడు మిషనుకు మిస్డ్ కాల్ ఇస్తాడు. మిషను ఎత్తదు. ఆ లైను మీదున్న రైతులకు రెండేసి రింగులు ఇచ్చి ఆపేస్తుంది. అందరికీ ఒక్కసారి కాదు, వంతుల ప్రకారం. మొదటి వంతువాళ్ళు తడుపుకున్నాక రెండో వంతు, తర్వాత మూడోది. అప్పుడు వోల్టేజీ నిలబడుతుంది, మోటారు కాలదు. ఎవరికీ పైసా ఖర్చు లేదు.

వంతులకు చీట్లు వేశాం. నాయన తెల్లబట్టల్లో వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బయ్యన్న కూడా వంతుకు ఒప్పుకుంటాడా అని అందరి చూపూ ఆయన మీదే.

"అట్లే కానీండప్పా. నేనూ మీలో ఒకన్నే గదా," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. జుబేదాబీ చీట్లు తీసింది. నాయనది మూడో వంతులో పడింది. ఆయన నవ్వాడు, జనమూ నవ్వారు. కంప్యూటర్లో పేర్లు ఎక్కించింది నేను.

తర్వాత కొన్ని వారాలు మా ఊరికి ఏదో మంచి గాలి తగిలినట్టే ఉంది. మా చేని పక్కన రెండెకరాల శెనక్కాయ వేసిన ఓబుళేసు, గట్టున కాపలా మానేసి రోజూ కూలికి పోగలిగాడు. రింగొస్తే చాలు, పై కండువా దులుపుకుని పోయి మోటారు వేసుకొచ్చేవాడు. నూర్ అంగడికి కాలిన మోటార్లు రావడం ఆగిపోయింది. తన పని తనే పోగొట్టుకున్న మనిషిని నేను అతన్నే చూశాను. మిక్సీలు బాగుచేసుకుంటూ సంతోషంగా ఉండేవాడు.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. శెనక్కాయ ఊడలు దిగే సమయం. అప్పుడు నేల గట్టిగా ఉంటే ఊడ లోపలికి దిగదు, కాయ ఊరదు, వానకారంతా చేసిన కష్టం మట్టిపాలు. అందరికీ ఒక్కొక్క తడి ప్రాణంతో సమానం. నాయనకు ఓపిక చాల్లేదు. ఆపరేటరు ఫోను రాగానే, మొదటి వంతువాళ్ళ మోటార్లు నడుస్తుండగానే తన రెండు మోటార్లూ వేయించాడు. వోల్టేజీ పడిపోయింది. మొదటి వంతువాళ్ళు భయపడి ఆపుకున్నారు. నాయన ఆపలేదు. పెద్ద మోటారు కాలింది.

ట్రాక్టరు మీద దాన్ని నూర్ అంగడికి తెచ్చారు. చుట్టూ పదిమంది చేరారు. నేను బూత్ మెట్ల మీద నిలబడి చూస్తున్నాను.

"కొత్త మోటరప్పా. కంపెనీవాడు యాడో మోసం చేసినాడు," అన్నాడు నాయన.

నూర్ విప్పి చూశాడు. "కంపెనీ తప్పు కాదు పెద్దాయనా. వోల్టేజీ చాలక కాలింది. మీ వంతులో వేసింటే కాలేది కాదు."

జ్వరమొచ్చిందని డాక్టరు చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఓబుళేసు తల వంచుకున్నాడు.

"నా భూమిలో నా బోరుకు నాకు వంతేమిరా?"

"చీటీకి మీరే ఒప్పుకున్న్యారు గదా పెద్దాయనా."

నాయన నవ్వి ట్రాక్టరు ఎక్కాడు. ఆయనకు కోపమొస్తే అరుస్తాడు. నవ్వాడంటే ఎవరికో మూడిందన్నమాట.

ఇంటికి వచ్చాక నన్ను పిలిచి, "మూడో వంతులో నన్నేసింది ఆ సాయిబే గదా?" అన్నాడు.

"చీటీలో వచ్చింది నాయనా. కంప్యూటర్లో ఎక్కించింది నేను."

"నువ్వు కాదులే."

"నేనే."

"నువ్వు కాదు," అని తేల్చేసి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. అప్పుడు నాకు ఆ మాటలో ఏముందో తెలియలేదు.

ఆ వారంలోనే మధ్యాహ్నం పూట జీపు వచ్చి బూత్ ముందు ఆగింది. ఎస్సై దిగాడు, వెనక కానిస్టేబుళ్ళు. అద్దాల గది తలుపు తీసి సెల్లులన్నీ చార్జర్లతో సహా పీకి గోనెసంచిలో వేశారు. కంప్యూటరు తీగలు కోసేశారు.

"బూత్ నాది సార్. గది మాది. ఆ మొదటి సెల్లు నాది," అన్నాను అడ్డంపోయి.

"మీరు పక్కకు రాండమ్మా," అన్నాడు ఎస్సై చాలా మర్యాదగా. తర్వాత రోడ్డు దాటి పోయి, రాగితీగ చుడుతున్న నూర్‌ను మెడపట్టి లేపాడు. ఆ మర్యాద అక్కడ లేదు.

ఆ ఏడే బెంగుళూరులో బాంబులు పేలాయి. ఇతను బెంగుళూరు నుంచి వచ్చినవాడు. పేరు నూర్ అహమ్మద్. అద్దాల గదిలో వరసగా సెల్లులు. ఊళ్ళో చీట్ల రోజున చప్పట్లు కొట్టిన వాళ్ళు సైతం సాయంత్రానికి, "ఏమో తల్లీ, ఎవరి లోపల ఏముండాదో," అనడం నా చెవులారా విన్నాను. వాళ్ళ చేలు తడిపింది ఎవరో వాళ్ళకు గుర్తులేదు.

నేను జుబేదాబీని వెంటబెట్టుకుని స్టేషనుకు పోయాను. మాతో వచ్చింది ఓబుళేసు ఒక్కడే. ఎస్సై నన్ను చూసి కుర్చీ వేయించాడు. జుబేదాబీని నిలబెట్టే ఉంచాడు. నేనూ కూర్చోలేదు.

"అమ్మా, ఆ సెల్లుల నుంచి దినానికి వందల కాల్స్ పోతాండాయి. ఒక్కదాంట్లో మాట లేదు. మాట్లాడకుండా ఎవురన్నా ఫోన్లు చేస్తారా? ఏమి సంకేతం అది?"

"కరెంటు వచ్చిందని సంకేతం సార్. మాట్లాడితే దుడ్లు పడతాయని మిస్డ్ కాల్ ఇస్తాము."

"ఇవి చెప్పే మాటలమ్మా. లోపల పెద్ద కథ ఉంటాది."

అంతలో ఆయన జేబులో సెల్లు రెండుసార్లు మోగి ఆగిపోయింది. తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరు సార్?" అన్నాను.

"ఇంటినుంచి. అన్నానికి రమ్మని."

"మాట లేదే సార్."

తలుపు దగ్గర కానిస్టేబులు గోడవైపు తిరిగిపోయాడు. ఎస్సై మొహం గట్టిపడింది. ఓబుళేసు ముందుకొచ్చి తన రేషను కార్డు బల్లమీద పెట్టాడు.

"ఆ సంచిలో ఒక సిమ్ము నాది సార్. నేనే ఇచ్చినా."

"నీ పేరు కూడా రాసుకోవాల్నా?"

"రాసుకోండి సార్. నాది నాదే గదా."

"ఆయనతో పాటు నా పేరూ రాయండి," అన్నాను. "మిషను నా బూత్‌లో ఉంది. వంతుల్లో పేర్లు ఎక్కించింది నేను. నేరమైతే నన్ను కూర్చోబెట్టండి, అతన్ని పంపించండి."

ఎస్సై వాళ్ళిద్దరినీ బయటికి పంపి, గొంతు తగ్గించాడు. "మిమ్మల్ని కూర్చోబెడితే మీ నాయనకు నేనేమి చెప్పాల? ఫోను చేసి చెప్పిందే ఆయన గదమ్మా. మీకు తెలీదా?"

"తెలీదు," అన్నాను.

బయట వేపచెట్టు కింద జుబేదాబీ కొంగు పట్టుకుని నిలబడింది. ఏమన్నారమ్మా అని అడిగింది. ఏమీ అనలేదని చెప్పి ఆటో మాట్లాడాను. దారిపొడుగునా ఆమె మొహం చూడలేకపోయాను.

నాయన అన్నం తింటున్నాడు. అమ్మ వడ్డిస్తోంది. నేను నిలబడే అడిగాను.

"కొట్టమని చెప్పలేదు," అన్నాడు ఆయన ముద్ద కలుపుకుంటూ. "రెండు దినాలు కూర్చోబెట్టి భయం చెప్పమన్న్యా, అంతే."

"యాం తప్పు చేసినాడని?"

"మోటర్లు చుట్టేవాడు మోటర్లు చుట్టుకోవాల. ఊరికి వంతులేసేది వాడా?"

"వంతులో ఎక్కించింది నేనని నీకు చెప్పినా గదా నాయనా."

"నువ్వు నా బిడ్డవి."

"ఇంద్రాణీ, గమ్మునుండు. తినేటప్పుడు ఏమిటికిది," అంది అమ్మ.

నేను ఆయన బిడ్డను. కాబట్టి నేను చేసింది నేను చేసినట్టు కాదు. చేసినట్టు ఒప్పుకున్నా కాదు. అది పోయి జుబేదాబీ బిడ్డ మీద పడుతుంది. బూత్ నాది, సెల్లు నాది, ఎక్కించిన చెయ్యి నాది, దెబ్బలు అతనివి. ఇంతకంటే ఘోరమైన మర్యాద నాకు ఎవరూ చెయ్యలేదు. నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి అదే బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటే ఆ ఎస్సైకి నేను దండం పెట్టేదాన్ని.

రెండు రోజులన్నది నాలుగు రోజులైంది. కేసు లేదు, కాగితం లేదు, ఊరికే వదిలేశారు. ఆ పొద్దున జుబేదాబీ కొడుకును తీసుకుని నేరుగా మా వసారాలోకి వచ్చింది. నూర్ కుడిచేతి వేళ్ళు వాచి, ముడుచుకోకుండా ఉన్నాయి. ఆమె వంగి మా నాయనకు రెండు చేతులా మొక్కింది.

"మీ మాట మీద వదిలినారంట సామీ."

నాయన ఆ దండం తీసుకున్నాడు. కాళ్ళు కూడా ముడుచుకోలేదు. "నేను చెప్పబట్టి సరిపోయింది. ఇంకన్నా జాగ్రత్తగా ఉండమను పిల్లోన్ని," అన్నాడు.

వాళ్ళ వెనకే వాకిలి దాకా పోయి జుబేదాబీని ఆపాను. "నువ్వెందుకు మొక్కినావు? పట్టించిందే మా నాయన."

"తెలుసమ్మా," అంది ఆమె, చాలా మెల్లగా. "తెలిసే మొక్కినా. మల్లా పట్టిస్తే ఎవర్ని పోయి అడుక్కోవాల?"

నూర్ తల్లి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

నేను లోపలికి పోయి నా బట్టలు సర్దుకున్నాను. యాడికి పోతాండావని అమ్మ వెంటబడింది. నూర్ వాళ్ళ ఇంటికి పోతే మళ్ళీ వాళ్ళ మీదకే తెస్తానని తెలుసు. ఊరి చివర చెన్నమ్మ అని ఒంటరి ముసలామె ఉంటే, ఆమె ఇంటి వెనక గది అడిగి అందులో చేరాను. బూత్ తాళం చెవి అమ్మ చేతిలో పెట్టేశాను. అది నాయన గది.

ఆ నాలుగు రోజుల్లో పొలాల్లో ఏమైందో వేరే చెప్పాలా. రింగులు ఆగిపోయాయి. వంతులు గాలికి పోయాయి. అందరూ మళ్ళీ గట్లమీద కూర్చుని, దీపం వెలగ్గానే ఒక్కసారే మోటార్లు వేశారు. కాలిన మోటార్లు నూర్ అంగడి ముందు వరసగా పడున్నాయి. చుట్టడానికి అతని వేళ్ళు తీగను పట్టలేకపోతున్నాయి. సంచిలో వేసుకుపోయిన సెల్లులు తిరిగిరాలేదు. అవి కేసు సామాను అన్నారు. లేని కేసుకు సామాను.

"ఇంకొక కంప్యూటరు తెస్తాను, మల్లా పెడదాము," అన్నాను నూర్‌తో.

"వద్దక్కా." తల ఎత్తలేదు. "మా అమ్మ ఇంగొకతూరి మొక్కకూడదు."

ఇక నేను అతన్ని అడగలేదు. ఓబుళేసును అడిగాను. దీపం వెలిగితే మిషనుకు కాకుండా నా కొత్త నంబరుకు మిస్డ్ కాల్ ఇమ్మన్నాను. వంతుల్లో ఎవరి తర్వాత ఎవరో, నంబర్లతో సహా నాకు నోటికి వచ్చు, అన్నీ నేనే ఎక్కించాను గనక. మిషను చేసే పని బొటనవేలుతో చేయడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరికీ రెండు రింగులు, కట్. వేలు నొప్పి పుట్టేది. మొదట కొందరు భయపడి, నంబరు తీసెయ్యమ్మా అన్నారు. చేలు ఎండుతుంటే వాళ్ళే మళ్ళీ వచ్చారు. పంట బాగా వచ్చిందని అబద్ధం చెప్పను. ఊడలు దిగాల్సిన రోజులు కొన్ని స్టేషన్లో పోయాయి. ఓబుళేసు సగం పంట ఇంటికి తెచ్చుకున్నాడు.

నాయన మోటారు హిందూపురంలో చుట్టించుకొచ్చాడు. ఆపరేటరు ఫోనూ ఆగలేదు, ఆయన ముందు తడుపుకోవడమూ ఆగలేదు. అయినా మూడో వంతు వచ్చిన ప్రతిసారీ ఆయన నంబరుకూ రెండు రింగులు ఇచ్చేదాన్ని. ఒక్క వంతు కూడా ఎగ్గొట్టలేదు. ఎత్తేవాడు కాదు. ఎత్తేదానికి కాదు గదా అది.

ఒక మధ్యాహ్నం ఎత్తాడు. ఎత్తితే నా దుడ్లు పోతాయని ఆయనకు తెలుసు.

"ఇంద్రాణీ, ఇంటికి ఎప్పుడొస్తావమ్మా? మీ అమ్మ అన్నం తినల్యా."

"నీ వంతు వచ్చింది నాయనా. మోటరు వేసుకో."

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. తర్వాతి నంబరు నల్లప్పది, వంతు దగ్గరపడిందని ఎండలో చేని గట్టున రింగు కోసం కూర్చుని ఉంటాడు. నాయన ఫోను కట్ చేసి నల్లప్పకు రింగిచ్చాను.